సగం గుట్ట, సగం గొంగడి

మోతె దగ్గర నేను తీసిన గుట్ట ఫోటోలో సగం నల్ల గొంగడే. "గుట్టకు అడ్డంగా గొంగడి పెట్టి తీశావా, ఎంత తెగువ!" అని బెజవాడలో ఎవరు మెచ్చుకున్నా మీసం దువ్వుకున్నాను. సిగ్గులేని పని.

నిజాం పాలన పోయిన మరుసటి ఏడు అది. రైతుల పోరాటానికి జడిసి పారిపోయిన దొరలు కోటల్లాంటి తమ గడీలకు తిరిగొస్తున్నారు. కెమెరాలో ఒక్క ఫోటోకే ఫిల్ము మిగిలింది. గుట్టకు గురిపెట్టగానే ఒక గొర్రెల కాపరి అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకోవయ్యా, నాకు గుట్ట ఒక్కటే కావాలి!"

"గుట్ట కింద చెలక భూమి నాది సారూ. మనిషి లేకుంట తీస్తే, సూసినోడు ఎవ్వలదీ కాదనుకుంటడు. దొర కబ్జా వెడ్తడు. నన్ను గూడ దియ్యి!"

నేనెటు జరిగితే అతనూ అటే జరిగాడు. చిరాకులో మీట నొక్కుకుపోయింది. సరిగ్గా అప్పుడే గొర్రెను అదిలించబోయి తిరిగాడు, గొంగడి కప్పుకున్న వీపే ఫోటోలో పడింది.

ఆ తెగువ అతనిది. నాది వేలొక్కటే, అదీ జారింది.