నిజమేనా గారు, ఆరున్నర లాంచీ

ఆ ద్వీపంలో పాటకచేరీ కానీ, బొమ్మల ప్రదర్శన కానీ, కాలేజీలో ఉపన్యాసం కానీ జరగబోతోందని నలుగురికీ తెలియాలంటే, ముందు ఆ సంగతి ఒక్క మనిషి నమ్మాలి. ఆ ఒక్క మనిషీ దేన్నీ నమ్మడు. అదీ చిక్కు.

ద్వీపం మొత్తానికీ ఉన్నది ఒకే వారపత్రిక. దాని చివరి పేజీలో ‘రాబోయే కార్యక్రమాలు’ శీర్షిక ఆయనది. ఎవరేం చెప్పినా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చెప్పినవాణ్ణి కిందినుంచి పైదాకా చూసి, “నిజమేనా?” అనేవాడు. దాంతో ‘నిజమేనా గారు’ అన్నదే ఆయన పేరైపోయింది. కవరు మీద ఆ రెండు ముక్కలే రాసినా ఉత్తరం తిన్నగా ఆయన బల్ల మీదికి చేరేది. చేరాక, అది తనకేనా అని ఆయన పోస్టుమాన్‌ని రెండుసార్లు అడిగేవాడు.

అడిగి ఊరుకుంటే బాగుండును. స్వయంగా వెళ్ళి చూసి వచ్చేవాడు. చూసింది చూసినట్టు పేజీలో వేసేవాడు. ‘శుక్రవారం కుండల ప్రదర్శన. నలభై అన్నారు, ముప్పై ఏడున్నాయి. ఒకదానికి చెవి లేదు.’ ‘శనివారం ఎనిమిది మంది కవుల సమ్మేళనం. ఐదుగురు కనబడ్డారు. మిగతా ముగ్గురూ ఉన్నారని ఈ ఐదుగురూ అంటున్నారు.’ ‘ఆదివారం సామూహిక మౌనం. జరుగుతోందో లేదో తేల్చడం కష్టం.’

ఒకసారి ఓ గారడీ ఆయన పావురాన్ని మాయం చేస్తానని ప్రకటన పట్టుకొచ్చాడు.

“పావురం ఉందా?”

“ఉందండీ, ఇదిగో.”

“మాయం చెయ్యి.”

“అది శనివారం షోలో కదండీ!”

“ఇవాళ మాయం కానిది శనివారం అవుతుందని నేనెట్లా రాసేదయ్యా?”

గారడీ ఆయన పంతానికి పోయి అక్కడే పత్రికాఫీసులో మాయం చేశాడు. కిటికీ తీసి ఉంది. ఆ వారం పేజీలో ఇలా పడింది: ‘పావురం మాయమైన మాట వాస్తవం. తిరిగి వచ్చే విషయంలో హామీ లేదు.’

కాలేజీలో నాటకం నేర్పే టీచరమ్మకు ఈయన స్వయానా బాబాయి. ఊరికి తమాషాగా ఉండే గుణం ఇంట్లోవాళ్ళకి ఎంత తమాషాగా ఉంటుందో ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. పరీక్ష పాసయ్యానని పరిగెత్తుకొస్తే, మార్కుల కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి చూసేవాడు. పిన్ని సంగతి సరేసరి. “మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు మా నాన్న ‘అమ్మాయి బాగా పాడుతుంది’ అన్నాడే. మూడు పాటలు పాడించుకుని, తలుపు వెనక ఇంకెవరైనా పాడుతున్నారేమోనని లేచెళ్ళి చూసొచ్చారు మీ బాబాయి!” అని ఆవిడ ఇప్పటికీ మూతి తిప్పుకునేది.

ఆ ఏడాది టీచరమ్మ తన విద్యార్థులతో ‘తాతయ్యకు వినపడదు’ అనే నాటకం తయారుచేసింది. చెవుడు నటిస్తూ ఇంటిల్లిపాది గుట్టూ వినేసే ఓ ముసలాయన కథ. మూడు నెలలు గొంతులు పోయేలా సాధన చేశారు. అందులో తాతయ్య వేషం కట్టింది అవతలి లంక నుంచి వచ్చి చదువుకుంటున్న ఓ సన్నపాటి పిల్ల. మీసం అంటించుకుని కర్ర పట్టిందంటే, పక్కవాళ్ళు తమ మాటలు మరిచిపోయి నవ్వేవాళ్ళు. లంకలో వాళ్ళమ్మ, నాయనమ్మ, ఇరుగూ పొరుగూ కలిసి యాభై మంది దాకా చూడ్డానికి వస్తామని కబురు పెట్టారు.

అసలు భయం అక్కడే ఉంది. లంకకు వెళ్ళే ఆఖరి లాంచీ సాయంత్రం ఆరున్నరకు. దాన్ని నడిపే సరంగు సొంత బామ్మర్దికోసం కూడా ఒక్క నిమిషం ఆగిన మనిషి కాడు. ఆరూ ఇరవైకి కూత వినబడగానే, ఏ కార్యక్రమంలోనైనా లంకవాళ్ళు సగంలో లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని రేవుకి పరిగెత్తవలసిందే. ఏ నాటకానికీ ముగింపు చూసినవాళ్ళు కారు. అందుకే టీచరమ్మ లెక్క చూసుకుని, నాలుగున్నరకు మొదలు, ఆరుకు ముగింపు అని పెట్టుకుంది.

ఆ వివరాలు తీసుకుని పత్రికాఫీసుకి వెళ్తే, బాబాయి కళ్ళజోడు నుదుటికెక్కింది.

“నాలుగున్నరకు మొదలవుతుందా? నిజమేనా?”

“అవును బాబాయ్.”

“ముందు మీ ప్రిన్సిపాల్ మాట్లాడతాడా?”

“పది నిమిషాలు.”

“ఆయన పది నిమిషాలు మాట్లాడ్డం నువ్వు ఎప్పుడైనా చూశావా?”

టీచరమ్మ వివరాల కాగితం బల్ల మీద పెట్టి వచ్చేసింది.

మర్నాటినుంచి ఆయన సాధన జరిగే గదికి రావడం మొదలుపెట్టాడు. మూల కుర్చీలో కూర్చుని చేతిగడియారం చూసుకుంటూ నోటుపుస్తకంలో ఏదో గీకేవాడు. అందరూ పడీపడీ నవ్వే చోట కూడా మొహంలో గీత కదిలేది కాదు. ఏం రాస్తున్నావని దగ్గరికి వెళ్తే పుస్తకం మూసేసేవాడు. కుండల ప్రదర్శన పెట్టినావిడ ఒకరోజు టీచరమ్మను పక్కకు పిలిచి, “జాగ్రత్తమ్మా, నా చెవిలేని కుండ గురించి కూడా ఇట్లాగే గీక్కున్నాడు,” అని చెవిలో వేసింది. టీచరమ్మకు అనుమానం పట్టుకుంది. తన నాటకాన్ని చీల్చి చెండాడ్డానికి సొంత బాబాయే కత్తి నూరుతున్నాడా?

పైగా ఆ వారం పేజీలో పడిన వాక్యం చూసి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ‘శనివారం కాలేజీలో నాటకం. నాటకం ఉంది, చూశాను. నాలుగున్నరకు మొదలవుతుందని మా అన్న కూతురు నమ్ముతోంది.’

“సొంతవాళ్ళని కూడా వదలవా బాబాయ్?” అని ఫోన్లో దులిపేసింది.

“నమ్ముతున్నావనే కదే రాశాను. అబద్ధమా?” అన్నాడాయన.

శనివారం హాలు నిండిపోయింది. లంకవాళ్ళు ఉతికిన బట్టలు కట్టుకుని వెనక వరసలన్నీ ఆక్రమించారు. బాబాయి ముందు వరసలో నోటుపుస్తకంతో సహా సిద్ధం. నాలుగూ ఇరవైకి ప్రిన్సిపాల్ మైకు పట్టుకున్నాడు. కళలు మనిషికి ఎందుకు అవసరమో చెప్పాడు. ఎంత అవసరమో చెప్పాడు. తన చిన్నతనంలో ఎంత అవసరంగా ఉండేవో చెప్పాడు. తెర వెనక టీచరమ్మ చేతులు నలుపుకుంటూ గడియారం చూసింది. తెర లేచేసరికి ఐదున్నర. అంటే నాటకం అయ్యేది ఏడింటికి.

పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. హాలు గొల్లుమంటోంది. సరిగ్గా ఆరూ పావుకి, తెర సందులోంచి చూసిన టీచరమ్మకు ముందు వరసలో ఖాళీ కుర్చీ కనబడింది. బాబాయి లేడు! నాటకం బాగా లేదని సగంలో లేచిపోయాడన్నమాట. ఊరంతటికీ తెలిసేలా, ముందు వరసలోంచి!

ఆరూ ఇరవై అయింది. కూత వినబడలేదు. ఆరున్నర అయింది. వెనక వరసల్లో ఒకరిద్దరు చెవులు రిక్కించి, మళ్ళీ నాటకంలో పడిపోయారు. మీసాల తాతయ్య చిట్టచివర లేచి నిలబడి, తనకు వినబడుతుందని ఇంటివాళ్ళకు చెప్పినప్పుడు, లంక నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వింది. తెర పడింది. ఏడూ ఐదు.

అప్పుడు గుర్తొచ్చింది అందరికీ లాంచీ. బిలబిలమంటూ రేవుకి పరిగెత్తారు. వాళ్ళతోపాటు టీచరమ్మ కూడా పరిగెత్తింది. లాంచీ వెళ్ళిపోయి ఉంటే ఈ యాభై మందినీ ఎక్కడ పడుకోబెట్టాలా అని ఆమె బెంగ.

లాంచీ రేవులోనే ఉంది. లోపల సరంగు తల పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా బాబాయి, చుట్టూ గుట్టలుగా లైఫ్ జాకెట్లు.

“బోర్డు మీద అరవై అని రాశావు. యాభై తొమ్మిదే ఉన్నాయి,” అంటున్నాడు బాబాయి.

“మూడుసార్లు లెక్కపెట్టాం కదండీ మహానుభావా!”

“అరవయ్యోది ఏది? వచ్చేవారం పేజీలో ఏమని రాయమంటావు?”

“రాయకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను. ఇంకోసారి లెక్కపెడతా.” సరంగు లేచి నిలబడ్డాడు. అరవయ్యోది సరంగు ఇంతసేపూ కూర్చున్న బల్ల మీదే, అతని కిందే ఉంది.

బాబాయి రేవు వైపు చూశాడు. లంకవాళ్ళు రొప్పుకుంటూ వస్తున్నారు. వెంటనే నోటుపుస్తకం మూసేశాడు. “సరే, అరవై ఉన్నాయి. ఇక బయల్దేరు,” అని ఒడ్డుకి దిగాడు.

టీచరమ్మకు అప్పటికి అర్థమైంది. లాంచీ ఎక్కబోతూ నాయనమ్మ ఆగింది.

“మీ బాబాయా అమ్మా? ఎప్పుడో ఒకసారి పాటకచేరీ అని పేపర్లో వేస్తే పిల్లాజెల్లా వేసుకుని వచ్చాం. హాలుకి తాళం. వానలో ముద్దయిపోయి తిరిగెళ్ళాం. ఎవరో ఫోన్లో చెప్పింది నమ్మి వేశాడట పాపం. మర్నాడు లంకకి వచ్చి ఇంటింటికీ తిరిగి క్షమించమన్నాడు. అప్పట్నుంచి ఈయన చూశానని రాస్తే తప్ప మేం లాంచీ ఎక్కం.”

“ఊరికే పెంచి చెబుతుంది,” అని బాబాయి గొణిగి, సముద్రం వైపు తిరిగాడు.

లాంచీ కదిలింది. లోపల అప్పుడే ఎవరో తాతయ్య మాటలు అనుకరిస్తున్నారు, నవ్వులు నీటి మీదుగా ఒడ్డుకు వస్తున్నాయి.

“మరి నువ్వు ముగింపు చూడలేదుగా బాబాయ్?” అంది టీచరమ్మ.

“సాధనలోనూ కుదరలేదు. రోజూ ముగింపు వేళకి, కూతకు ముందే ఇక్కడికొచ్చి, ప్రశ్నలడుగుతూ పోతే ఈ సరంగు ఎంతసేపటికి విసుక్కుంటాడో చూసేవాణ్ణి. గంటసేపు ఓర్చుకునే మనిషి వాడు.”

టీచరమ్మ కొంగు నడుముకి బిగించింది. తాడు చుట్టే కర్రొకటి అందుకుని నడుం వంచింది. ఆ రేవు చెక్కల మీదే తాతయ్యా తనే, కోడలూ తనే, దొంగచాటుగా స్వీట్లు తినే మనవడూ తనే అయి, చివరి రంగం మొదలుపెట్టింది. టీకొట్టు ఆయన గ్లాసులు వదిలేసి వచ్చాడు. వల సర్దుకునేవాళ్ళు ఇద్దరు చేరారు. బాబాయి మొదట గంభీరంగానే కూర్చున్నాడు. తాతయ్య నోరు విప్పి, ఇన్నేళ్ళూ తను విన్నవన్నీ వరసగా అప్పజెప్పేసరికి, ఆయన పొట్ట పట్టుకుని పక్కనున్న తాళ్ళచుట్ట మీదికి ఒరిగిపోయి, ఊపిరాడక చెయ్యి ఊపుతూ, “ఆగవే తల్లీ, కాస్త ఆగు,” అని బతిమాలుకున్నాడు.