పడవెక్కి వచ్చిన పాట

ఎండుచేపలు అమ్మే ముత్యాలమ్మ గొంతు పెద్దది. గిలకలదిండి నుంచి వచ్చి పెడనలో బస్సు దిగిందంటే, ఆమె కేక రెండు వీధుల అవతలికి వినపడేది. అలాంటి మనిషి ఆ రోజు బట్టల మీద అద్దే చెక్క అచ్చులు చెక్కే ఖాజా ఇంటి అరుగు మీద బుట్ట దించి, సడీ చప్పుడూ లేకుండా కొంగుముడి విప్పింది. అందులో తుప్పు పట్టిన చిన్న యంత్రం ఉంది.

"పాటల పెట్టె బాబూ. పెళ్లయిన కొత్తలో మా ఆయన బందరులో కొన్నాడు. పెట్టె ఉప్పెనకి ముక్కలైపోయింది. ఇదొక్కటీ బురదలో దొరికింది."

ఆ ఉప్పెన రోజునే ఆమె భర్త పోతయ్య పడవ గట్టిగా కట్టి వస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. బతికున్నన్నాళ్లూ వేట నుంచి రాగానే దానికి కీ ఇచ్చి, పాట విన్నాకే అన్నానికి కూర్చునేవాడు. ఆ పాట ఇంకొక్కసారి వినాలని ఆమె ఆశ. బందరులో గడియారాలు బాగుచేసేవాళ్లెవరూ దాన్ని ముట్టుకోలేదు.

ఖాజా దాన్ని కిరసనాయిల్లో నానబెట్టి తుప్పు వదిలించాడు. ఒళ్లంతా ములుకులున్న ఇత్తడి గొట్టం, పక్కనే దువ్వెనలాంటి ఉక్కు రేకు. గొట్టం తిరుగుతుంటే ములుకు తగిలిన ప్రతి పన్నూ మోగుతుంది. తన అచ్చులకూ అలాంటి ములుకులే కొడతాడు కనుక మురిసిపోయాడు.

మరుసటి వారం ముత్యాలమ్మ ఎదుటే అద్దకం బల్ల మీద పెట్టి కీ ఇచ్చాడు. పాట దోమ రొదంతే వినపడింది.

"ఇంతేనా బాబూ? అప్పుడు వీధిలోకి వినపడేది" అంది ఆమె, ఏడుపు ఆపుకుంటూ.

"బల్లంతా రంగు తడి, అక్కడెందుకు పెట్టారండీ?" అని విసుక్కుంటూ ఖాజా భార్య లతీఫా దాన్ని తీసి పక్కనున్న టేకు అచ్చు మీద పెట్టింది. పాట ఇల్లంతా నిండిపోయింది.

ఖాజా నెత్తి కొట్టుకున్నాడు. అచ్చు బాగా దిగాలని బల్ల మీద గోనెలూ కంబళ్లూ మెత్తగా పరిచింది తనే. ఆ మెత్తదనమే పాటను మింగేసింది. మోగేది ఉక్కే అయినా, నలుగురికీ వినిపించేది చెక్క.

"మంచి టేకుతో పెట్టె చేసిస్తాను పిన్నీ."

"మీ చెక్క వద్దు బాబూ. మా పడవ చెక్కొకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అది తెస్తాను."

తెచ్చింది. ఖాజా దానితోనే పెట్టె చేశాడు, తారు మరక చెరపకుండా. కీ ఇవ్వగానే పాట వీధిలోకి వెళ్లింది. ముత్యాలమ్మ మూత మీద అరచెయ్యి ఆనించి, పాట అయిపోయేదాకా తియ్యలేదు.

"మనిషి రాలేదు బాబూ. ఆయన పాటైనా ఆయన పడవెక్కి వచ్చింది. మీ మేలు ఈ జన్మకి మరిచిపోను."

ఆ పూట పెడనలో ఆమె కేక వినపడలేదు. లతీఫా వద్దంటున్నా వినకుండా ముత్యాలమ్మ తన బుట్టలోని చేపలన్నీ ఆమె చాటలో గుమ్మరించి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికి వెళ్లిపోయింది.