చిలకపచ్చ చీరలో ఎర్ర గీత

ధర్మవరంలో మగ్గమున్న ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్లయింది. అప్పటినుంచీ సువర్ణ పని ఒకటే. చీరలు నేసేది మొగుడు జయరాముడు. మగ్గం మీది నిలువు పోగులు, అంటే పాత పడుగు, అయిపోగానే దాని కొసలకు కొత్త పడుగు పోగులు వేలకు వేలు, వేళ్లకు బూడిద రాసుకుని, ఒక్కొక్కటే మెలిపెట్టి అతికేది సువర్ణ. ఆమె అతికితేనే మగ్గం ఆడుతుంది. ఆ మాట మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అనరు.

పోయినేడు ఒక్కసారి పొరపాటు చేసింది. చిలకపచ్చ పోగుల మధ్య అంచుకు పోవలసిన ఎర్ర పోగొకటి అతికేసింది. సగం చీర నేశాక అది చూసి, ఆ పోగు తీసేసి, జయరాముడు నాలుగు రోజులు ఆమెను దుమ్మెత్తిపోశాడు. షావుకారు వద్దన్నాడని, ఎవరికో చౌకగా ఇచ్చేశానని చెప్పాడు.

ఈ ఆదివారం మధ్యాహ్నం టీవీలో తెలుగులోకి డబ్ చేసిన హిందీ కామెడీ సినిమా వచ్చింది. హీరో పెళ్లాం చేత చొక్కా ఇస్త్రీ చేయించుకుని రెండో ఆమె దగ్గరికి బయల్దేరతాడు. పెళ్లాం నవ్వుతూ టాటా చెబుతుంది. జయరాముడు, అతని తమ్ముడు గురప్ప పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ గదిలోనే మగ్గం ముందు పోగులు అతుకుతున్న సువర్ణకు ఒళ్లు మండిపోయింది.

“ఆయమ్మకు కండ్లు ల్యావా? పెండ్లామేమో మొద్దు, రెండోదేమో టక్కులాడి, వీడొక్కడే ఏమీ తెల్దన్న పసిపిల్లోడు! యాడ జూసినా ఇదే కత.”

“సినిమా గదా వదినా, నవ్వల్ల,” అన్నాడు గురప్ప.

“పెండ్లానికి తెలిసిపోతే ఇంగ కామెడీ యాడుంటాది మే?” అన్నాడు జయరాముడు, నవ్వాపకుండానే.

ఏడాదిగా దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. అడిగితే వీధంతా తననే చూసి నవ్వుతుందని ఇన్నాళ్లూ భయపడింది.

“రాప్తాడు పెండ్లిలో ఒకామె పక్కన కూచోని అన్నం తిన్న్యా. చిలకపచ్చ చీర కట్టుకోనుండాది. అంచు పక్కన ఎర్ర గీత, సగం దాకా. ఎంతకు కొంటివంటే సిగ్గుపడి, ఊరికే ఇచ్చినాడనె. నా చేత్తో అతికిన పోగు నాకు తెల్దా?”

గురప్ప చెప్పులు వెతుక్కుని బయటికి పోయాడు. జయరాముడు టీవీ సౌండు తగ్గించాడు.

సువర్ణ చేతుల బూడిద దులుపుకుని లేచింది. “ఈ పొద్దు నుంచి పోగులు నువ్వే అతుకు,” అని వచ్చి టీవీ ముందు కూర్చుంది.

అతను మగ్గం దగ్గరికి పోయాడు. మొదటి పోగే రెండుసార్లు జారిపోయింది. కాసేపు పెనుగులాడి, “ఈ ఎర్రది యాడ అతకల్ల మే?” అని మెల్లగా అడిగాడు.

సువర్ణ టీవీ సౌండు పెంచింది.