రత్నరాజు గారి ఇంకొక్క కమాండ్

రత్నరాజు గారు ఒకసారి లాప్‌టాప్ ముందు కూర్చున్నారంటే వైఫై వచ్చేదాకా లేవరు. అమెరికాలోని ప్లెయిన్స్‌బరో తెలుగు చర్చిలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. కాస్త ఆలస్యంగా తెలుసుకున్నవాళ్లు మాత్రం కొందరున్నారు. వాళ్లలో పర్సిస్ ఒకతె.

అసలే లేవరని కాదు. లేస్తారు. కోటు తొడుక్కుంటారు, బూట్లు వేసుకుంటారు, సంచి భుజాన తగిలించుకుంటారు, తలుపు దాకా వెళ్తారు. తలుపు తీయబోతూ ఏదో తట్టినట్టు ఆగి, "ఇంకొక్క కమాండ్ చూద్దామమ్మా" అంటారు. మళ్లీ బూట్లు విప్పుతారు. ఆ ఒక్క కమాండ్‌కీ గంటన్నర పడుతుంది. ఒకసారి ఇమ్మాన్యుయేల్ వాళ్లింట్లో బర్త్‌డే పార్టీ మొదలై, కేకు కోసి, వచ్చినవాళ్లంతా రిటర్న్ గిఫ్టులు పట్టుకుని వెళ్లిపోయాక చూస్తే, ఈయన ఒక కాలికి బూటుతో, ఇంకో కాలికి సాక్సుతో స్క్రీన్ ముందు అలాగే ఉన్నారట. పార్టీ జరిగిన సంగతి ఆయనకు తెలియదు. కేకు ముక్క చేతిలో పెడితే "ఏమిటి విశేషం?" అని అడిగారట.

ఆయనకు అరవై ఆరేళ్లు. ఏదో ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్లు చూసి చూసి రెండేళ్ల క్రితం రిటైరయ్యారు. పాత లాప్‌టాప్‌ని ఎవరైనా పారేస్తామంటే ఆయన ప్రాణం ఒప్పుకోదు. "చచ్చిపోయేది మన ఓపికమ్మా, లాప్‌టాప్ కాదు" అంటూ అందులో విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కిస్తారు. ఆ తర్వాత అది పరుగెడుతుంది, అబద్ధం చెప్పకూడదు. స్క్రీన్ వస్తుంది, సౌండ్ వస్తుంది, కెమెరా వస్తుంది. వైఫై రాదు. లోపలున్న వైఫై ముక్కకీ కంప్యూటర్‌కీ మాట కలపాలంటే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఉండాలి. ఆ డ్రైవర్ ఇంటర్నెట్‌లో ఉంటుంది. ఇంటర్నెట్ కావాలంటే వైఫై రావాలి. ఈ చిక్కుముడి దగ్గరే రత్నరాజు గారి ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలుగుతుంది.

పర్సిస్ ముఖంలో వెలుగు పోయి అప్పటికి పదిహేనో రోజు. మందుల కంపెనీలో క్లినికల్ డేటా చూసే ఉద్యోగం అక్టోబర్‌లో పోయింది. వీసా మీద ఉన్న మనిషి కనుక కొత్త ఉద్యోగానికి అరవై రోజులు గడువు, లేదంటే దేశం వదలాలి. మొదటి వారం రోజుకు ముప్పై చోట్ల అప్లై చేసింది. రెండో వారం రోజుకు మూడు. ఆ వారం చివరికి కిటికీ బ్లైండ్స్ పైకెత్తడం కూడా పెద్ద పనిలా తోచసాగింది. ఆఫీసు లాప్‌టాప్‌ని ఆఫీసువాళ్లే అట్టపెట్టె పంపించి మరీ వెనక్కి తీసుకున్నారు. మిగిలింది ఎమ్మెస్ చదివిన రోజుల నాటి లాప్‌టాప్. అది పొద్దున ఆన్ చేస్తే మధ్యాహ్నానికి డెస్క్‌టాప్ చూపిస్తుంది.

ఆదివారం చర్చిలో ఎదురైన ప్రతివాళ్లూ "ఎనీ అప్‌డేట్?" అని అడిగారు. "ఏమైనా కావాలంటే చెప్పు" అని కూడా అన్నారు. ఏం చెప్పాలో తెలియక అలసిపోయి, రత్నరాజు గారు అడిగినప్పుడు మాత్రం నోరు జారింది. "లాప్‌టాప్ చాలా స్లోగా ఉందంకుల్."

"మంగళవారం పది గంటలకు వస్తాను" అన్నారాయన. పక్కనున్న స్నేహితురాలు షారన్ ఆమె మోచెయ్యి గిల్లింది. అప్పటికే ఆలస్యమైంది.

మంగళవారం సరిగ్గా పదికి ఒక సంచి, ఒక నోటుపుస్తకం, రెండు క్యారియర్లతో దిగారు. "గోంగూర, రొయ్యల వేపుడు. మీ ఆంటీ సాయంత్రానికి కూడా పెట్టింది" అన్నారు. సాయంత్రానికి అనే మాట విని పర్సిస్‌కు నీరసం వచ్చింది.

పదకొండున్నరకి లినక్స్ ఎక్కింది. వైఫై రాలేదు. ఆయన తన ఫోన్‌ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలించి, "అప్పటిదాకా నా ఫోన్ నెట్ వాడుకో" అన్నారు.

"నా ఫోన్ పెట్టుకుంటాను అంకుల్. మీకెందుకు ట్రబుల్?"

"నీ ఫోన్‌కి రిక్రూటర్లు కాల్ చేస్తారు. అది నీ చేతిలో ఉండాలి."

"మరి మీరు ఇంటికి వెళ్లేటప్పుడు?"

"ఫోన్ ఇక్కడుంటే నేను మాత్రం ఎక్కడికి పోతాను?" అని నోటుపుస్తకం తెరిచారు.

ఆయన పద్ధతేమిటంటే కీబోర్డ్ ముట్టరు. లాప్‌టాప్ ఎవరిదో వాళ్లే టైప్ చెయ్యాలి. ఆయన పక్కన కూర్చుని, శాస్త్రి గారు మంత్రం చెప్పించినట్టు, ఒక్కో అక్షరం చెప్పిస్తారు. "సుడో. స్పేస్. మోడ్‌ప్రోబ్. మధ్యలో ఖాళీ లేదు."

"సుడో అంటే ఏంటంకుల్?"

"ఈ మిషన్‌కి నేనే యజమానిని, పర్మిషన్ ఇవ్వు అని అడుక్కోవడం."

"సొంతింట్లో పర్మిషన్ అడగడమా? ఈ కంట్రీలో నాకది అలవాటేలెండి."

రత్నరాజు గారు పకపక నవ్వారు. పర్సిస్ నవ్వలేదు. కమాండ్ కొడితే తెర మీద తప్పొచ్చింది. ఆయన ఆ తప్పుని గుండ్రటి చేతిరాతతో పుస్తకంలో ఎక్కించుకున్నారు. స్క్రీన్ మీదున్నదాన్ని కాగితం మీద రాయడం ఎందుకని అడిగితే, "రాస్తేనే రోగం అర్థమవుతుంది" అన్నారు. ఐదు గంటలకి లేచారు. కోటు, బూట్లు, సంచి. తలుపు దాకా వెళ్లారు. పర్సిస్ ఊపిరి బిగపట్టింది.

"ఇంకొక్క కమాండ్ చూద్దామమ్మా."

ఆయన ఇల్లు కదిలేసరికి ఏడు. రెండో క్యారియర్ కూడా ఖాళీ అయింది. తను ఆ రోజు రెండు పూటలా అన్నం తిన్నదని పర్సిస్‌కే తట్టలేదు.

బుధవారం మళ్లీ పదికి వచ్చారు. ఈసారి డ్రైవర్‌ని లాప్‌టాప్‌లోనే తయారుచెయ్యాలన్నారు. కమాండ్ కొడితే నల్లటి తెర మీద తెల్లటి వరుసలు పరుగెత్తసాగాయి. ఆ వరుసలు పరుగెత్తినంతసేపూ ఆయన ఖాళీగా ఉండలేరు. లేచి బ్లైండ్స్ పైకెత్తారు. సింకులో గిన్నెలు కడగబోతే పర్సిస్ సిగ్గుపడి తనే కడిగింది. "నీ రెజ్యూమె ఏదీ, చూడనీ" అన్నారు. చూసి, "ఇదేమిటమ్మా, ఎర్రర్ మెసేజ్ కూడా ఇంతకంటే సూటిగా ఉంటుంది" అన్నారు. ఉక్రోషంతో పర్సిస్ రెజ్యూమె మొత్తం తిరగరాసింది. నాలుగు చోట్లకి పంపింది. డ్రైవర్ తయారైంది. వైఫై రాలేదు. ఆయన ఆనందంగా పుస్తకంలో పేజీ తిప్పారు.

"అంకుల్, పోనీ కొత్త అడాప్టర్ ఒకటి ఆర్డర్ పెట్టేస్తాను."

"ఛ, ఛ" అన్నారు రత్నరాజు గారు, పెంపుడు కుక్కని అమ్మేస్తానన్నట్టుగా.

బుధవారం మధ్యాహ్నమే ఆమె ఫోన్ మోగింది. కిందటి వారం అప్లై చేసిన కంపెనీ ఒకటి. గురువారం రెండింటికి వీడియో ఇంటర్వ్యూ.

గురువారం రెండింటికి ఐదు నిమిషాలుండగా ఆయన లేచి కోటు తొడుక్కున్నారు. "నేను ఇక్కడుంటే నీకు ఇబ్బంది. ఫోన్ మాత్రం లాప్‌టాప్‌కే ఉండనీ. నేను బయట మెట్ల మీద కూర్చుంటాను."

"బయట చలి అంకుల్. బెడ్‌రూమ్‌లో కూర్చోండి."

"అక్కడ కూర్చుంటే మధ్యలో వచ్చి నేనే సమాధానాలు చెప్పేస్తాను. నా సంగతి నాకు తెలుసు" అని తలుపు వేసుకుని వెళ్లిపోయారు. ఈసారి తలుపు దగ్గర ఆగలేదు.

ఇంటర్వ్యూ పావుగంట బాగానే నడిచింది. కెమెరాలో ఇద్దరు అమెరికన్లు, ఒక చైనా ఆవిడ. సరిగ్గా పర్సిస్ తన గొప్ప ప్రాజెక్టు గురించి చెబుతుండగా రత్నరాజు గారి ఫోన్ మోగింది. రింగ్‌టోన్ పాత కీర్తన. హార్మోనియం, తబలా, వెనక కోరస్. ఆపబోతే కంగారులో వేరే బటన్ తగిలి సౌండ్ పెరిగింది. కీర్తనలో రెండో చరణం వచ్చింది.

"బ్యూటిఫుల్. హూ ఈజ్ దట్?" అన్నాడు కెమెరాలో పెద్దాయన.

పర్సిస్ నోటికొచ్చింది అనేసింది. "మై ఐటీ డిపార్ట్‌మెంట్."

ముగ్గురూ ఘొల్లున నవ్వారు. పంతొమ్మిది రోజుల్లో మొదటిసారి పర్సిస్ కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాత ఆమె మాటలకి తడుముకోలేదు. ముప్పావుగంట ఎలా గడిచిందో తెలియలేదు.

తలుపు తీసి చూస్తే రత్నరాజు గారు మెట్ల మీద, గోడకి తల ఆన్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఆమె లోపలి నుంచి దుప్పటి తెచ్చి కప్పింది. ఆయన నిద్ర లేవలేదు. లోపలికొచ్చి ఊరికే ఉండలేక లాప్‌టాప్ ముందు కూర్చుంది. మూడు రోజులుగా నోటికి వచ్చేసిన కమాండ్‌ని, ఈసారి ఎవరూ చెప్పకుండా, తనే కొట్టింది. అదే తప్పు. మొదటి రోజు నుంచీ వస్తున్న అదే వరుస. "కావలసిన తాళంచెవి లేదు" అని దాని అర్థం.

ఆ వరుసని అలాగే తీసి సెర్చ్ చేసింది. మొదటి జవాబులోనే ఉంది. తెలియని డ్రైవర్లని లోపలికి రానివ్వకుండా కాపలా కాసే సెట్టింగ్ ఒకటి ఉంటుందట, సెక్యూర్ బూట్ అని. రీస్టార్ట్ చేసి దాన్ని ఆపేస్తే సరి. ఆపింది. స్క్రీన్ మూలన చిన్న విసనకర్ర బొమ్మ వెలిగింది. అపార్ట్‌మెంట్స్‌లో ఉన్నవాళ్ల వైఫై పేర్లన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

"అంకుల్! వచ్చేసింది! వైఫై వచ్చేసింది!" అని మెట్ల దగ్గరికి పరుగెత్తింది.

రత్నరాజు గారు ఉలిక్కిపడి లేచారు. ఆయన ముఖం వెలగలేదు. "అప్పుడేనా?" అన్నారు.

అంతలో ఫోన్‌లో మళ్లీ కీర్తన. ఈసారి పర్సిస్ లోపలికెళ్లి, కేబుల్ పీకి, ఫోన్ ఎత్తి మెట్ల దగ్గరికే తెచ్చింది. అవతల రత్నరాజు గారి భార్య దేవకుమారి.

"ఏమ్మా, ఇంటర్వ్యూ అయిపోయిందా? మీ అంకుల్‌ని వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మను."

"బాగా అయింది ఆంటీ. వైఫై కూడా వచ్చేసింది. సెక్యూర్ బూట్ ఆపేస్తే వచ్చింది."

"అదేనటగా! మంగళవారం సాయంత్రమే చెప్పారు ఆయన, రోగం దొరికిందని" అంది దేవకుమారి, ఎంతో మామూలుగా.

పర్సిస్ ఫోన్ దించి ఆయన వైపు చూసింది. రత్నరాజు గారు దుప్పటి మడతపెట్టడంలో మునిగిపోయారు. చతురస్రంగా మడిచారు. విప్పి మళ్లీ మడిచారు.

"మంగళవారమే తెలుసా అంకుల్?"

"అనుమానం ఉండేదమ్మా. నిర్ధారణ కాలేదు."

"అంకుల్."

ఆయన మెట్టు మీదే కూర్చుండిపోయారు. "ఆ రోజే అది ఆపేస్తే పన్నెండింటికల్లా అయిపోయేది. ఆ తర్వాత నేనేం చెప్పి కూర్చోను? రెండువేల తొమ్మిదిలో, గవర్నమెంటు ఆఫీసులో చేరకముందు, నా ఉద్యోగం పోయింది. అందరూ ఏమైనా కావాలంటే చెప్పమన్నవాళ్లే. కావలసింది ఏమిటంటే, ఎవరైనా వచ్చి ఇంట్లో కాసేపు కూర్చోవాలి. ఆ మాట అడగడం వస్తుందా ఎవరికైనా? ఊరికే వచ్చి కూర్చుంటానంటే మాత్రం ఎవరు రానిస్తారు?"

పర్సిస్ లోపలికి వెళ్లి రెండు కప్పుల టీ పెట్టుకొచ్చి, ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. చలిగానే ఉంది. ఇద్దరూ తాగేదాకా లేవలేదు.

ఆ ఉద్యోగం రాలేదు. కానీ తిరగరాసిన రెజ్యూమె పంపిన నాలుగింటిలో ఒకటి పలికింది. నలభై నాలుగో రోజున ఆఫర్ లెటర్, వీసా కాగితాలు ఫైలయ్యాక కొత్త కంపెనీ నుంచి కొత్త లాప్‌టాప్. ఆన్ చెయ్యగానే ముందు రత్నరాజు గారికి ఫోన్ చేసింది.

"సంతోషమమ్మా! దేవుడికి స్తోత్రం!" అన్నారాయన. వెంటనే గొంతు తగ్గించి, "వైఫై ఎలా ఉంది?" అని అడిగారు.

"ఆన్ చెయ్యగానే దానంతటదే వచ్చేసిందంకుల్."

అవతల నోటుపుస్తకం మూసిన చప్పుడైంది.

"పోనీలే" అన్నారు చివరికి. "ప్రింటర్ సంగతేమిటి?"

"ప్రింటర్ అస్సలు పనిచెయ్యట్లేదంకుల్. ఏం చేసినా రావట్లేదు. శనివారం మీరూ ఆంటీ పొద్దున్నే వచ్చెయ్యండి. క్యారియర్లు తేవద్దు, వంట నేను చేస్తాను."

"పదింటికల్లా అక్కడుంటాం" అన్నారు రత్నరాజు గారు, ప్రాణం లేచొచ్చినట్టు.

ఫోన్ పెట్టేశాక పర్సిస్ ఇల్లంతా ఒకసారి కలయచూసింది. ఆమె దగ్గర ప్రింటర్ ఎన్నడూ లేదు.