కూడబలుక్కున్న జవాబు

మా అమ్మాయి వైకుంఠపాళి ఆడుతూ స్టీలు గ్లాసులో పాచిక గిలకరిస్తే నాకు ఇప్పటికీ చెమట పడుతుంది, దోహాలో, అల్ సద్‌లోని మా ఫ్లాట్‌లో ఏసీ ఎంత చల్లగా ఉన్నా సరే. ఆ చప్పుడు రత్నకుమారి మేడమ్‌ది.

భీమవరం నుంచి వచ్చిన ఆవిడ, దోహా పక్కనే ఉన్న అల్ వక్రాలో మా స్కూల్లో ఫిజిక్స్ విభాగానికి పెద్ద. నేను కొత్త మాస్టారిని. ఒక పరీక్షలో కెజియా, హరిణి అనే ఇద్దరమ్మాయిలు ఒకే తప్పు జవాబు రాశారు: ఒకచోట పుట్టి విడిపోయిన జంట కణాల్లో ఒకదాన్ని దోహాలో కదిపితే కాకినాడలోని రెండోదానికి క్షణంలో కబురు చేరుతుందని. ఆ మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది, ఆగి ఆలోచించలేదు. కాపీ అని తేల్చేశాను. రుజువైతే ఇద్దరినీ స్కూలు నుంచి పంపేస్తారు. కెజియా మేడమ్ వాళ్ళ చర్చి పిల్ల కాబట్టి ఆవిడ కప్పిపుచ్చుతారని కూడా అనుమానపడి, చాటుగా ప్రిన్సిపాల్‌కు రాసిచ్చాను.

తెలిసినా ఆవిడ కోప్పడలేదు. టీ పోసిచ్చి ఆ కణాల మీద జరిగిన ప్రయోగాల కథ చెప్పారు. కొలవడమంటే వాటిని ప్రశ్న అడగడమే; దూరదూరంగా ఉన్నా వాటి జవాబులు కలుస్తాయి, కానీ వాటితో కబురు పంపలేం. మరి బయల్దేరేటప్పుడే కూడబలుక్కున్నాయా? దారిలో చెప్పుకుంటున్నాయేమోనని, శాస్త్రవేత్తలు అవి ప్రయాణంలో ఉండగానే ప్రశ్న మార్చి చూశారు. పరికరం కొన్ని కణాలనే లెక్కపెడుతోందేమోనని దాన్నీ అనుమానించారు. ప్రశ్న ఎంచే చేతిని కూడా నమ్మక, దూరపు నక్షత్రాల వెలుగుతో ఎంపిక చేయించారు. దశాబ్దాలు పట్టింది.

"అనుమానం మంచిదే మాస్టారూ. మనకు నచ్చిన చోట ఆపేస్తేనే చెడ్డది," అన్నారు.

మర్నాడు పిల్లల్ని వేర్వేరు అంతస్తుల్లో కూర్చోబెట్టారు. అదే పాఠం మీద ఆరు కొత్త ప్రశ్నలు రాసి, వాళ్ళు కూర్చున్నాకే స్టీలు టీ గ్లాసులో పాచిక గిలకరించి ఒకటి ఎంచారు. ఇద్దరూ మళ్ళీ అదే తప్పు చేశారు. నేను లోలోపల సంబరపడ్డాను. ఆవిడ కాగితాలు పక్కపక్కన పెట్టారు.

"వీళ్ళు మాట్లాడుకోలేదు. ఇద్దరికీ ఒక్కచోటే నేర్పారు. ఎవరో మీరు చెబుతారా, పిల్లల్ని అడగమంటారా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఒక శనివారం ఎక్స్‌ట్రా క్లాసుకు వాళ్ళిద్దరే వచ్చారు. త్వరగా ముగించాలని ఆ కాకినాడ ముక్క నేనే చెప్పాను. గుర్తొచ్చి కూడా "అడగండి" అన్నాను. నా మొహం చూసి నోరు విప్పరని ఆశ.

మేడమ్ ఇద్దరినీ పిలిచి అడిగారు. కెజియా తల వంచుకుంది. "మీరే చెప్పారు కదా సార్."

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. క్లాసు ముందు తప్పు ఒప్పుకున్నాను. అయినా ఆ ఏడాదంతా హరిణి నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ ప్రయోగాల్లో అనుమానానికున్న ఒక్కో తలుపూ మూసి చూశాక, కణాలు ముందే కుదుర్చుకున్నాయనేది నిలబడలేదు. నా విషయంలో చివరి తలుపు వెనక నేనే ఉన్నాను. మేడమ్ రిటైరై భీమవరం వెళ్ళిపోయారు. ఇప్పుడు రెండు పేపర్లు ఒకేలా కనిపిస్తే ముందు నా నోట్సు తీస్తాను. అందులో ఏ తప్పూ దొరక్కపోతే, మరోసారి చదువుతాను.