వేటకో పట్టిక

ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల రిజిస్టరు రాసే పెద్దాయన ఎవరి పేరు రాయాలన్నా ముందు తలెత్తి ఆ మనిషి ముఖం చూసేవాడు. ఆ రిజిస్టరును కంప్యూటర్లోకి ఎక్కించే పని నాకు పడింది. ఒక్కో బోటు కింద దాని మనుషుల పేర్లన్నీ ఒకేచోట ఉండేలా డేటాబేస్ గీసి చూపించాను. వెతకడానికి తేలిక.

"బోటు బోటే, మనిషి మనిషేనమ్మా," అన్నాడాయన. "ఇయ్యాల దీన్లో ఎల్లినోడు రేపు ఇంకోదాన్లో ఎల్తాడు. మరి ఏటకి సోటేది?" ఏట అంటే వేట, బోటు ఒకసారి సముద్రంలోకి వెళ్లి రావడం.

మెలికలెక్కువని ఆఫీసులో వాళ్లు గొణిగినా, బోట్లకొకటి, మనుషులకొకటి, రెండింటినీ కలుపుతూ ఏ వేటకు ఏ బోటులో ఎవరెళ్లారో రాసే వేటలకొకటి చొప్పున పట్టికలు మళ్లీ కట్టాను.

ఆ ఏడాది తుఫానులో ఒక బోటు తిరగబడింది. చెల్లాచెదురైన మనుషులను వేర్వేరు బోట్లు కాపాడాయి. ఏడుగురు దొరికారని కబురొచ్చింది. ఆ బోటులో మామూలుగా వెళ్లేది ఏడుగురే కనుక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పెద్దాయన మాత్రం నాచేత కంప్యూటర్లో ఆ వేట వివరాలు తెరిపించి చూశాడు. ఎనిమిది పేర్లు!

"ఇంకోడున్నాడర్రా, ఎతకండి!" అని వైర్‌లెస్‌లో కేకేశాడు.

సాయంత్రానికి ఆ ఎనిమిదోవాడు ఐసుపెట్టె మూత పట్టుకుని తేలుతూ దొరికాడు.

మా డిజైను కాగితం మీద, చేసినవారు అన్నచోట ఆయన పేరే ముందు రాశాను. దాని కింద నా పేరుండటం నాకెంతో గర్వం.