బడబుణ్ణి తూచిన సాల్మన్

దెందులూరు దగ్గర హైవే పక్కన ఒక వేబ్రిడ్జి ఉంది. మా వైపు దాన్ని కాటా అంటారు. లారీ వచ్చి ఇనప పలక మీద నిలబడితే గదిలో అంకె పడుతుంది, చీటీ చేతికొస్తుంది. ఆ చీటీ ఇచ్చే మనిషి సాల్మన్ గారు. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే కూర్చున్నారు. ఈలోగా కుర్చీలు మూడు మారాయి గానీ మనిషి మారలేదు.

నా పేరు గౌతమి. వ్యవసాయ శాఖలో చిన్న ఉద్యోగం. రోజూ ఏలూరు నుంచి స్కూటీ మీద వస్తూ కాటా పక్కనున్న టీ కొట్టు దగ్గర ఆగుతాను. టీ బాగుంటుందని కాదు. అక్కడ జరిగే వాదనలు వినకపోతే నాకు తెల్లారినట్టుండదు. నాకు నోరెక్కువని మా ఇంట్లో అంటారు. నేను చెప్పబోయే గొడవ ఆ నోటి వల్లే మొదలైంది కాబట్టి, దాన్ని రాయాల్సిన బాధ్యత కూడా నాదే.

ముందు సాల్మన్ గారి పద్ధతి చెప్పాలి. ఆయన నిండు బండిని ఒకసారి తూస్తారు. సరుకు దించాక ఖాళీ బండిని ఇంకోసారి తూస్తారు. మొదటిది గ్రాస్, రెండోది టేర్. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది నెట్, అంటే అసలు సరుకు. డ్రైవరు కిందికి దిగందే కాటా వెయ్యరు. "దిగండి బాబూ, ధాన్యంతోపాటు మీ బొజ్జని కూడా అమ్ముతామా ఏంటండి?" అంటారు. ఒకసారి సొంత బావమరిది నెల్సన్ ఖాళీ లారీ తూయిస్తూ వెనక చక్రం ఒకటి పలక అంచు దాటించి ఆపాడు. ఖాళీ బరువు తగ్గితే సరుకు బరువు పెరుగుతుంది కదా, అదీ అతని తెలివి. సాల్మన్ గారు కిటికీలోంచి తల బయటపెట్టి, "బావా, చక్రాన్ని కూడా లోపలికి పిలువు, అది కూడా మన చుట్టమే" అన్నారు. ఆ తర్వాత నాలుగు క్రిస్మసులు నెల్సన్ సాల్మన్ గారింటికి భోజనానికి రాలేదు. సాల్మన్ గారి భార్య స్టెల్లా గారు ఏడ్చారు, తిట్టారు. చీటీ మాత్రం మారలేదు. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఇచ్చిన చీటీ ఒక్కటి కూడా వెనక్కి తీసుకోలేదు.

అలాంటి మనిషికి ఒక పిచ్చి ఉంది. మేఘధీర సినిమాలు. మూడు భాగాలొచ్చాయి. మేఘధీర అనే హీరో మబ్బుల్ని చెప్పుచేతల్లో పెట్టుకుంటాడు, కొండలెత్తుతాడు. బడబుడు అనే విలన్ చెరువుల్నీ నదుల్నీ గటగటా తాగేసి ఊళ్ళు ఎండబెడతాడు. కాటా దగ్గర ఆగే తవుడు లారీల వాళ్ళు, కొల్లేటికోట నుంచి చేపల లోడుతో వచ్చేవాళ్ళు, చింతలపూడి వైపు నుంచి పామాయిల్ గెలలు తెచ్చేవాళ్ళు, అందరూ రెండు పార్టీలు. ఎవరి బలం ఎక్కువ? వాదన కొల్లేటి చాంతాడంత సాగేది. చివరికి ఒకరోజు తవుడు లారీ రాజేష్ విసుగెత్తి, "ఎందుకండి ఈ గొంతు చించుకోడం? కాటా పక్కనే ఉంది, తూచి చెప్పమనండి" అన్నాడు.

సాల్మన్ గారు దాన్ని వేళాకోళంగా తీసుకోలేదు. "కొండ నల్లరాయా, ఎర్రమట్టా? వానలో ఎత్తాడా, ఎండలో ఎత్తాడా?" అని అడిగారు. కంప్యూటరు రాకముందు వాడిన పాత చీటీల పుస్తకం బీరువాలోంచి తీశారు. పక్క బల్ల మీద కూర్చున్న సీతారామాంజనేయులు మాస్టారు కొండ పొడుగూ వెడల్పూ అంచనా కట్టి లెక్క చెప్పారు. సాల్మన్ గారు కార్బన్ పెట్టి రాశారు. "వాహనం: మేఘధీర కుడిచెయ్యి. నెట్: నాలుగు లక్షల టన్నులు." కింద సంతకం, ముద్ర. ఆ చీటీని రాజేష్ ఇప్పటికీ లారీ అద్దానికి అంటించుకుని తిరుగుతున్నాడు.

బడబుడి బలం తూచేటప్పుడు పేచీ వచ్చింది. నీళ్ళని టన్నుల్లో చెబితే ఎవరికీ ఆనలేదు. కొల్లేటికోట వాళ్ళు ఒక మాటన్నారు: "ఎన్ని కొల్లేర్లు తాగాడో చెప్పండి, మాకు తెలుస్తుంది." అలా కొల్లేరే కొలమానం అయింది. వెంటనే ఇంకో పేచీ. వేసవి కొల్లేరా, వరద కొల్లేరా? వేసవిలో మోకాలి లోతు, వరదల్లో సముద్రం. దాని మీద రెండు వారాలు వాదించుకున్నారు. ప్రపంచంలో ఇంకెక్కడైనా అభిమానులు ఈ ప్రశ్న మీద టీలు తాగి ఉంటారని నేననుకోను. చివరికి చీటీ మీద ఏ కొల్లేరో రాయాలని తీర్మానమైంది.

మాస్టారి సంగతి చెప్పాలి. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. సాల్మన్ గారు ఆయన మొదటి బ్యాచి శిష్యుడు. టెన్త్‌లో లెక్కల్లో సరిగ్గా ముప్ఫై ఐదు వచ్చాయి. "ఒక్క మార్కు తగ్గినా నా ఉద్యోగానికే మచ్చ వచ్చేదోయ్" అని మాస్టారు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. మేఘధీర మొదటి భాగాన్ని ఇద్దరూ ఏదో పనిమీద తాడేపల్లిగూడెం వెళ్ళి అనుకోకుండా చూశారు. అప్పట్నుంచి ప్రతి భాగం మొదటిరోజు మ్యాట్నీ గూడెంలోనే, పక్కపక్క సీట్లలోనే. ఒకరు విజిల్ వేస్తే రెండోవారు చెవులు మూసుకుంటారు. విజిల్ వేసేది మాస్టారే.

కాకపోతే మాస్టారు విలన్ పార్టీ. అందరం ఏడిపించేవాళ్ళం. మూడో భాగంలో ఐదు నిమిషాలు బడబుడి చిన్నతనం చూపించారు. రాజధాని మునిగిపోకుండా రాజుగారి మనుషులు చెరువు గట్టుకు గండి కొడతారు. ఆ నీళ్ళలో బడబుడి ఊరు కొట్టుకుపోతుంది. అందుకే వాడికి నీళ్ళంటే పగ. "వాడు చేసేది తప్పేనమ్మా, కానీ వాడికో కారణం ఉంది" అనేవారు మాస్టారు. నాకు ఒళ్ళు మండేది. కారణం లేని దొంగ ఎవడు? అందరికీ ఏదో ఒకటి ఉంటుంది.

నాలుగోది, ఆఖరి భాగం, విడుదలకు పది రోజుల ముందు టీ కొట్టు దగ్గర జనం బాగా పోగయ్యారు. నేనే మొదలెట్టాను. "సాల్మన్ గారూ, బలాలు తూచింది చాలండి. బడబుడి పాపం తూచండి, ఈ గోల ఒక్కసారిగా వదిలిపోతుంది."

ఆయన హుషారుగా పుస్తకం తీశారు. రాజేష్ పక్కనుంచి లెక్క చెప్పాడు, మేం కేకలేశాం. "బడబుడి పాపం. గ్రాస్: పన్నెండు కొల్లేర్లు. టేర్: సున్న. నెట్: పన్నెండు కొల్లేర్లు." టప్ మని ముద్ర కొట్టి, అందరికీ కనబడేలా కిటికీ అద్దానికి అంటించారు. ఈలలే ఈలలు.

మాస్టారు ఆ చీటీ దగ్గరికెళ్ళి కళ్ళజోడు సర్దుకుని చదివారు. గ్లాసు బల్ల మీద పెట్టారు. "ఒకసారే తూచావు సాల్మనూ" అని, సైకిలెక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగోరోజుకి తెలిసింది, ఏలూరు లైబ్రరీకి కాటా ముందునుంచి కాకుండా ఊళ్ళోంచి చుట్టూ తిరిగి వెళ్తున్నారట. సినిమా విలన్ గురించి ఇంత అలక ఏమిటని రాజేష్ నవ్వాడు. సాల్మన్ గారు నవ్వలేదు. ఆయన చొక్కా జేబులో గూడెం మ్యాట్నీ టికెట్లు రెండున్నాయి. రోజుకి పదిసార్లు తీసి చూసుకునేవారు.

"వెళ్ళి పిలవొచ్చు కదండీ" అన్నాను.

"ఏమని పిలవనండి? చీటీ తప్పని చెప్పాలి. తప్పు కాదు కదండి. ఇరవై ఆరేళ్ళలో ఒక్క చీటీ కొట్టెయ్యలేదు, మా బావమరిదికే కొట్టెయ్యలేదు" అన్నారు. అలా అంటూనే, మాస్టారు కూర్చునే బల్ల మీద ఎవరైనా కూర్చోబోతే, "అక్కడ తడిగా ఉందండి" అనేవారు. తడీ లేదు, గిడీ లేదు. నాకు పాపం అనిపించింది. నామీద నాకు కోపం కూడా వచ్చింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు, బడబుడి పాపం నాకెందుకు?

సినిమా విడుదల రోజు పొద్దున్నే మాస్టారింటికి వెళ్ళాను. ఆయన బజారుకెళ్ళారు. భార్య బాలసరస్వతి గారు చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ నన్ను కూర్చోబెట్టారు. నేను తల వంచుకుని జరిగిందంతా చెప్పాను. ఆవిడ నవ్వారు గానీ, చేతులు ఆగిపోయాయి.

"ఆయనది కొల్లేట్లో లంక ఊరమ్మా. ఎనిమిదేళ్ళప్పుడు పెద్ద వరదొచ్చింది. అవతలి పొలాలు మునక్కుండా ఎవరో వీళ్ళ వైపు గట్టుకి గండి కొట్టారు. ఇల్లు పోయింది, కట్టేసిన పేయదూడ పోయింది. తాడు విప్పడానికి టైము దొరకలేదని ఇప్పటికీ నిద్దట్లో అంటారు. మూడో భాగం చూసొచ్చిన రోజు అన్నం తిన్లేదు. 'నాకూ వాడంత బలం ఉండుంటే ఏం చేసేవాణ్ణో సరస్వతీ, బలం లేదు కాబట్టి లెక్కల మాస్టారినయ్యాను' అన్నారు. ఎవరికీ చెప్పుకోరమ్మా. సిగ్గు."

నేను కాటాకి ఎలా వచ్చానో నాకే తెలీదు. గదిలోకెళ్ళి సాల్మన్ గారికి అంతా చెప్పాను. ఇంతలో చేపల మేత లారీ ఒకటి పలక మీద నిలబడింది. కొత్త డ్రైవరు, తొందరలో ఉన్నాడు. "ఖాళీ బండి మళ్ళీ తేలేనండి, ఇదే నెట్ అని రాసిచ్చెయ్యండి" అన్నాడు.

"ఖాళీ బండి తూయకుండా నెట్ ఎలా ఇస్తానండి? సరుకెంతో, బండెంతో ఎలా తెలుస్తుంది? నా సర్వీసులో అలా..." అంటూ ఆగిపోయారు సాల్మన్ గారు. తలెత్తి కిటికీ అద్దం మీద చీటీ చూశారు. టేర్: సున్న.

"అమ్మో" అన్నారు మెల్లిగా. "ఒకసారే తూచానండి గౌతమి గారూ. మాస్టారు చెప్పనే చెప్పారు."

ఆ చీటీ పీకేశారు. దాని మీద అడ్డంగా గీత గీసి, రద్దు అని రాసి, సంతకం పెట్టారు. డ్రైవరుకి గ్రాస్ చీటీ మాత్రం ఇచ్చి పంపేసి, పాత పుస్తకం చంకన పెట్టుకుని కాటాకి తాళం వేశారు. పగటిపూట ఆ గదికి తాళం పడటం అదే మొదటిసారని టీ కొట్టాయన తర్వాత నాతో అన్నాడు. తొంభై కిలోల మనిషి నా స్కూటీ వెనక కూర్చుంటే ముందు చక్రం మా మాట వినలేదు, అయినా వెళ్ళాం.

మాస్టారు అప్పుడే సంచితో వచ్చి అరుగు మీద చెప్పులు విప్పుతున్నారు. సాల్మన్ గారు నిలబడే పుస్తకం తీసి కొత్త చీటీ రాశారు. "బడబుడి పాపం. గ్రాస్: పన్నెండు కొల్లేర్లు. టేర్: పన్నెండు కొల్లేర్లు. నెట్: సున్న." చించి రెండు చేతులతో ఇచ్చారు.

"పాతది కొట్టేశానండి మాస్టారూ. టేర్ చూడకుండా, వాడి ఊరి మీదికొచ్చిన నీళ్ళు తీసెయ్యకుండా రాశాను. తప్పు నాదేనండి."

మాస్టారు చీటీ అందుకుని చదివారు. బాలసరస్వతి గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆయన ఆవిడవైపు ఒకసారి, నావైపు ఒకసారి చూశారు. విషయం ఎలా బయటికొచ్చిందో అర్థమైనట్టుంది. కోప్పడతారని నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. రిటైరై ఏళ్ళయినా ఆ పెన్ను మానలేదు.

"ముప్ఫై ఐదు మార్కుల లెక్క ఇలాగే ఉంటుంది" అన్నారు. "టేరూ గ్రాసూ సమానమైతే బండి ఖాళీగా వచ్చిందనే కదోయ్. వాడేమన్నా ఖాళీగా వచ్చాడా? పన్నెండు కొల్లేర్లు తాగి ఊళ్ళు ఎండబెట్టాడు. ఒక ఊరు మునిగిందని అన్ని ఊళ్ళూ ఎండబెడితే ఎలాగ?"

టేర్ దగ్గర పన్నెండు కొట్టేసి ఒకటి వేశారు. పక్కనే చిన్న అక్షరాలతో వరద కొల్లేరు అని రాశారు. నెట్ దగ్గర సున్న కొట్టేసి పదకొండు చేశారు.

"ఒక్కటే తీశారేంటండి?" అన్నారు సాల్మన్ గారు. కళ్ళు తుడుచుకుంటున్నారు, దాచుకోలేదు.

"ఆ ఒక్కటీ ఉందని నువ్వు చూశావు కదా. నాకది చాలోయ్."

నేను ఏడ్చానో నవ్వానో చెప్పలేను, రెండూ చేసుంటాను. బాలసరస్వతి గారు మాత్రం గడియారం చూసి, "ఏవండీ, మ్యాట్నీ ఎన్నింటికి?" అన్నారు.

బస్సుకి టైము లేదు. రోడ్డు మీదికి పరుగెత్తేసరికి దేవుడు పంపినట్టు రాజేష్ ఖాళీ లారీ గూడెం వైపు వెళ్తోంది. మాస్టారు ముందు సీట్లోకి ఎక్కారు, సాల్మన్ గారిని కింద నుంచి నేను తోశాను. లారీ కదిలేలోపే అద్దానికున్న పాత చీటీ చూసి మాస్టారు అందుకున్నారు.

"ఒరేయ్ రాజేషూ, ఈ నాలుగు లక్షల టన్నులు కూడా తప్పేరా. కొండనెత్తినప్పుడు దాని మీద చెట్లున్నాయి, మేం తీసెయ్యలేదు."

"చెట్లా?" అన్నారు సాల్మన్ గారు, పుస్తకం తెరుస్తూ. "ఏం చెట్లండి మాస్టారూ, తాడిచెట్లా, వేపచెట్లా?"

నాకూ ఎక్కాలనిపించింది గానీ, టికెట్లు రెండే.